భాషలు రాకపోతే వరం లేనట్టేనా? – సమాధానం

వందనాలు సిస్టర్. మర్రిగూడలో మీ సంఘమంతా భాషల్లో, అంటే నేర్చుకోకుండానే ఆత్మ ప్రేరణతో వచ్చే మాటల్లో, ప్రార్థిస్తుంటే మీకొక్కరికే రావట్లేదని, అసలు పరిశుద్ధాత్మ ఇచ్చే వరమే మీకు లేదేమోనని టెన్షన్ పడుతున్నట్టు రాశారు.

బైబిల్లో కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (1 కొరింథీ) 12వ అధ్యాయం చివర పౌలు 'అందరూ భాషలతో మాట్లాడతారా?' అని అడుగుతాడు. కాదనే జవాబు కోసమే ఆ ప్రశ్న. దానికి కాస్త ముందే, 28వ వచనంలో, స్వస్థపరిచేవాళ్ల పక్కనే ఉపకారాలు చేసేవాళ్లనూ లెక్కపెట్టాడు. మనవాళ్లు ఆ మాట చదివి దాటేస్తారు! ప్రేమ గురించిన 13వ అధ్యాయాన్నేమో పెళ్లిళ్లలో చదువుతారు గానీ, అది వరాల గొడవ మధ్యలో రాసింది.

ప్రేమ ఒక్కరోజులో పుట్టదు. మా పాలమూరు వైపు పిల్లలు వలస పోతే ఇళ్లలో ముసలివాళ్లే మిగులుతారు. ఒక అవ్వకు వారంవారం మందులు తెచ్చిచ్చేవాణ్ని. నిజం చెప్పాలంటే మొదట్లో విసుగే. నాలుగు నెలలకు ఆమె దగ్గర కాసేపు కూర్చోకుండా రాబుద్ధయ్యేది కాదు.

మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లున్నారు కదా, ఒక్క ఇంటికి మంచినీళ్ల క్యాన్ మోసి చూడండి. భాషల కోసం ప్రార్థన మానక్కర్లేదు, వరాలను ఆశించమనే 14:1 చెబుతోంది. పక్కవాళ్లతో పోల్చుకోవడం మాత్రం ఆపండి. నెల తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాయండి.