ఇసుకకు తగిలి షాఫ్ట్ వంగుతోందా? ఔట్‌బోర్డ్ కొనే ముందు ఒక కొలత

బోటు లోపల బిగించిన డీజిల్ ఇంజన్ (ఇన్‌బోర్డ్) షాఫ్ట్, అంటే ఫ్యానును తిప్పే కడ్డీ, ఏడాదిలో రెండుసార్లు వంగిందన్నావు. తప్పు ఇంజన్‌ది కాదు తమ్ముడూ, ఒడ్డుది. కళింగపట్నంలో బోటును అలల మీంచి ఇసుకలోకి ఎక్కిస్తాం. ఇన్‌బోర్డ్ ఫ్యాను అడుగున బిగించి ఉంటుంది, ముందు తగిలేది అదే. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ అయితే పైకి లేపేయొచ్చు. నీ 26 అడుగుల ఫైబర్ బోటుకు నా ఓటు దానికే.

1. అందరూ హార్స్‌పవర్ అడుగుతారు, ఇంజన్ కాలు, అంటే నీళ్లలోకి దిగే భాగం, ఎంత పొడవో అడగరు. ఇంజన్ తగిలించే బోటు వెనక చెక్క పైఅంచు నుంచి బోటు అడుగుభాగం దాకా టేపు పెట్టి కొలువు. 15 అంగుళాలు వస్తే షార్ట్ షాఫ్ట్, 20 వస్తే లాంగ్. బిగించాక ఫ్యాను పైనున్న అడ్డ ప్లేటు బోటు అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందికో ఉండాలి. పైకుంటే అల ఎక్కినప్పుడల్లా ఫ్యాను గాల్లో తిరుగుతుంది. ఇంజన్ అరుస్తుంది, బోటు కదలదు. మా బావ ఇలాగే బిగించి, ఆర్నెల్లు ఇంజన్‌నే తిట్టాడు.

2. ఔట్‌బోర్డ్‌తో ఆయిల్ (ఇంధనం) ఖర్చు పెరుగుతుంది. రాత్రిళ్లు లోతుకు పోయే వేటైతే డీజిలే నయం, కానీ బోటును హార్బర్‌లో కట్టాలి.

3. ఒడ్డుకు రాగానే ఇంజన్ ఆపి, అప్పుడు లేపు. చల్లబరిచే నీళ్లు పీల్చకుండా తిరిగితే వేడెక్కి పట్టేస్తుంది. తర్వాత ఇంజన్‌లో ఆ నీళ్లు తిరిగే దారిని మంచినీళ్లతో కడుగు.