విడిపోయిన ప్రాంతాన్ని దేశంగా గుర్తిస్తే, వేరే చోట్ల వేర్పాటు ఉద్యమాలకు ఊపొస్తుందా?

ఒక దేశం నుంచి తెగిపోయిన ప్రాంతాన్ని కొన్ని దేశాలు గుర్తిస్తే, అది చూసి మిగతా చోట్ల వేర్పాటు ఉద్యమాలు పెరుగుతాయా అని అడిగారు. నేను న్యాయశాస్త్రం చదవలేదు, డాక్టర్ని. అయితే 2013 నుంచి ఆరేళ్లు టిబిలిసిలో మెడిసిన్ చదివాను. అది జార్జియా రాజధాని. అమెరికాలోని రాష్ట్రం కాదు, నల్లసముద్రం ఒడ్డున ఉన్న దేశం. అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియా అనే రెండు ప్రాంతాలు ఆ దేశం చేతిలోంచి జారిపోయాయి. దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు అవి. మీరడిగిన ప్రశ్న అక్కడ పరీక్షల్లో రాసేది కాదు, భోజనాల దగ్గర మాట్లాడుకునేది. అలా విన్నదాన్ని, తర్వాత చదువుకున్నదాన్ని కలిపి చెబుతాను.

నాకు అర్థమైనంతవరకు గుర్తింపు వల్ల కొత్తగా ఉద్యమం పుట్టదు. ఉద్యమం ఆ నేల మీద జరిగిన అన్యాయాల్లోంచి, భయాల్లోంచి పుడుతుంది. ఒక చోట ఇచ్చిన గుర్తింపు ఇంకో చోట మార్చేది రెండే. ఒకటి, ఆ ఉద్యమం వెనక నిలబడాలనుకున్న పెద్ద దేశానికి చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. రెండు, తమ దేశం కూడా ముక్కలవుతుందేమోనని భయపడే ప్రభుత్వాలు ఇంకా బిగుసుకుపోతాయి.

మొదటి ఏడాది నేనూ ఇంకో ఇద్దరు స్నేహితులూ ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అందరిలాగే మేమూ ఆవిణ్ని 'బెబియా' అనేవాళ్లం, వాళ్ల భాషలో అమ్మమ్మ అని. ఆవిడది అబ్ఖాజియా రాజధాని సుఖుమి. 1993 సెప్టెంబర్ 27న ఆ నగరం అబ్ఖాజ్ దళాల చేతికి వెళ్లాక పిల్లల్ని తీసుకుని కొండదారిన నడిచి బయటపడింది. అలా ఆ యుద్ధంలో ఇల్లు వదిలిన జార్జియన్లు రెండు లక్షలకు పైనే. 2014 మార్చి 18న సాయంత్రం వార్తల్లో పుతిన్ ప్రసంగం వస్తోంది. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యాలో కలుపుకుంటున్నట్టు ప్రకటించిన ప్రసంగం. నాకప్పటికి రష్యన్ పది మాటలు కూడా రావు. కానీ 'కొసోవో' అన్న పేరు మాత్రం స్పష్టంగా వినబడింది. క్రిమియా గురించి మాట్లాడుతూ మధ్యలో కొసోవో ఎందుకని బెబియా మనవరాల్ని అడిగాను. ఆ పిల్ల జవాబిచ్చేలోపే బెబియా టీవీ కట్టేసింది. "మా ఊరిని వేరే దేశమన్నప్పుడూ ఇదే మాట చెప్పారు ష్విలో" అంది. ష్విలో అంటే నాన్నా, బిడ్డా అన్నట్టు.

ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. 2008 ఫిబ్రవరి 17న కొసోవో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. మర్నాడే అమెరికా గుర్తించింది, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కూడా వెంటనే గుర్తించాయి. ఇది ప్రత్యేకమైన కేసు, ఇంకెవరూ దీన్ని ఉదాహరణగా తీసుకోకూడదని కూడా అప్పుడే చెప్పారు. మార్చి మొదట్లోనే అబ్ఖాజియా పార్లమెంటు మమ్మల్నీ గుర్తించండని ప్రపంచాన్ని కోరింది. ఏప్రిల్‌లో రష్యా ఆ రెండు ప్రాంతాలతో అధికారిక సంబంధాలు పెంచుకోమని తన శాఖలకు ఆదేశాలిచ్చింది. ఆగస్టులో ఐదు రోజుల యుద్ధం జరిగింది, ఆగస్టు 26న రష్యా రెండింటినీ దేశాలుగా గుర్తించింది. కొసోవో వాళ్లకు సరైనది వీళ్లకు ఎందుకు సరైనది కాదన్నదే అప్పటి రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ వాదన.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. అబ్ఖాజ్ ఉద్యమం కొసోవోను చూసి పుట్టింది కాదు. సోవియట్ యూనియన్‌లో అబ్ఖాజియా మొదట్లో దాదాపు జార్జియాతో సమాన హోదా ఉన్న రిపబ్లిక్. 1931లో దాన్ని జార్జియా కింద స్వయంప్రతిపత్తి ప్రాంతంగా తగ్గించారు. 1989 జనాభా లెక్కల నాటికి అక్కడ జార్జియన్లు 45.7 శాతం, అబ్ఖాజ్‌లు 17.8 శాతం. సొంత గడ్డ మీద మైనారిటీ అయిపోయామన్న బాధ అది. 1992లో యుద్ధం మొదలైంది, ఆ అక్టోబర్‌లో జార్జియన్ దళాల చేతిలో ఉన్న సుఖుమిలో అబ్ఖాజ్‌ల చరిత్ర పత్రాలు దాచిన భవనం తగలబడిపోయింది. 1999లోనే వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. తొమ్మిదేళ్లు రష్యా గుర్తించలేదు. కొసోవో వచ్చాక గుర్తించింది. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో జార్జియాను చేర్చుకుంటామన్న మాట 2008 ఏప్రిల్‌లో వినబడటం కూడా ఒక కారణమే, కొసోవో ఒక్కటే అనను. కానీ మారినది ఉద్యమం కాదు, దాని వెనకున్న దేశం లెక్క. తన దేశంలోని చెచెన్యా విడిపోతానంటే రెండు యుద్ధాలు చేసిన రష్యానే పక్క దేశంలో వేర్పాటును గుర్తించింది. ఇదొక్కటి చూస్తే చాలు, ఇక్కడ నడిచింది సూత్రం కాదని తెలుస్తుంది.

క్రిమియా విషయంలో ఇంకా సూటిగా జరిగింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2010 జులై 22న, కొసోవో స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 10–4 మెజారిటీతో అభిప్రాయం చెప్పింది. ప్రకటన చేయడం గురించే చెప్పింది తప్ప, విడిపోయే హక్కు ఉందని చెప్పలేదు, కొసోవో దేశమా కాదా అన్న జోలికి పోలేదు. అయినా 2014 మార్చి 11న క్రిమియా చేసిన ప్రకటనలో ఆ అభిప్రాయాన్ని పేరు పెట్టి ఉదహరించారు. వారం తర్వాత పుతిన్ దాన్ని చదివి వినిపించాడు. న్యాయస్థానం ఎంత జాగ్రత్తగా గీత గీసినా, దాన్ని వాడుకునేవాళ్లు గీతకు ఇవతల ఉన్న వాక్యాన్నే తీసుకుంటారు.

ప్రజలకు ఇందులోంచి వెళ్లే పాఠం గురించి కూడా చెప్పాలి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. 1989లో సెర్బియా కొసోవో స్వయంప్రతిపత్తి తీసేశాక, అక్కడి అల్బేనియన్లు దాదాపు పదేళ్లు ఇబ్రహీం రుగోవా నాయకత్వంలో శాంతియుతంగా పోరాడారు. ఇళ్లలోనే బడులు నడిపారు, తమ సొంత క్లినిక్‌లు పెట్టుకున్నారు. 1991లోనే స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే గుర్తించింది అల్బేనియా ఒక్కటే. 1995లో బోస్నియా యుద్ధం ఆపడానికి డేటన్‌లో చర్చలు జరిగితే కొసోవో పరిష్కారం అక్కడ చర్చకే రాలేదు. తుపాకీ పట్టిన బోస్నియా సెర్బులకు మాత్రం సగం దేశమంత ప్రాంతం దక్కింది. ఆ తర్వాతే కొసోవో విమోచన సైన్యం బలపడింది, 1998లో యుద్ధం, 1999లో నాటో 78 రోజుల బాంబు దాడులు, చివరికి గుర్తింపు. దూరం నుంచి దీన్ని చూసే యువకుడికి ఏమర్థమవుతుంది? రుగోవా పదేళ్లు తేలేనిది ఆయుధం తెచ్చిందనే కదా. గుర్తింపు ఇచ్చే దేశాలు ఎప్పుడు ఇచ్చామన్నదాని గురించి కూడా ఆలోచించాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఒకే దేశం ముక్కలవుతున్నప్పుడు మాత్రం గుర్తింపు ప్రభావం నేరుగా, వేగంగా ఉంటుంది. సెర్బియా, బోస్నియా, స్లొవేనియా, క్రొయేషియా లాంటి రిపబ్లిక్‌లు కలిసిన యుగోస్లావియాలో అదే జరిగింది. స్లొవేనియా, క్రొయేషియాలను 1991 డిసెంబర్‌లో జర్మనీ, 1992 జనవరి 15న మొత్తం యూరోపియన్ కమ్యూనిటీ గుర్తించాయి. దాంతో మిగిలిన యుగోస్లావియాలో సెర్బియా పెత్తనం కింద ఉండాలా, బయటికి రావాలా అన్నది బోస్నియాకు తప్పించుకోలేని ప్రశ్న అయిపోయింది. బోస్నియా సెర్బులు అప్పటికే జనవరి 9న తమ రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. ఏప్రిల్‌లో బోస్నియాకు గుర్తింపు వచ్చేసరికి దాని రాజధాని సారయేవోలో కాల్పులు మొదలయ్యాయి. రిపబ్లిక్ హోదా ఉన్నవాటికే గుర్తింపు అన్న గీత కూడా అప్పుడే పడింది. ఆ హోదా లేని కొసోవో అభ్యర్థనను పక్కన పెట్టారు. అబ్ఖాజ్‌లకు 1931 నాటి ఆ తగ్గింపు ఇప్పటికీ ఎందుకంత మంటగా ఉంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మరి గుర్తింపు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అంటువ్యాధిలా పాకుతుందా? చరిత్ర అలా చెప్పడం లేదు. 1967లో నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రాను టాంజానియా, గాబోన్, ఐవరీ కోస్ట్, జాంబియా, హైతీ గుర్తించాయి. 1970 జనవరికి బయాఫ్రా లేదు. 1971 డిసెంబర్ 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. అది నెగ్గింది, మూడేళ్లలో పాకిస్తాన్ కూడా ఒప్పుకుంది, ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికింది. అయినా ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లలో అలా మాతృదేశాన్ని కాదని విడిపోయి నిలబడిన దేశం కనబడదు. ఎరిట్రియా (1993), దక్షిణ సూడాన్ (2011) వచ్చాయంటే, యుద్ధాల తర్వాతైనా సరే, అవతలి రాజధాని సరేనంది కాబట్టి. దక్షిణ సూడాన్‌ను ముందుగా గుర్తించింది సూడానే. ఆ రెండూ చూసి, సోమాలియా నుంచి విడిపోయిన సోమాలీలాండ్ వాళ్లు ఆశపడ్డారు. 1991 నుంచి సొంత ప్రభుత్వం, ఎన్నికలు, కరెన్సీ ఉన్నా, 2025 డిసెంబర్‌లో ఇజ్రాయెల్ గుర్తించేదాకా, ముప్పై ఏళ్లకు పైగా ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటీ వాళ్లను గుర్తించలేదు. ఆఫ్రికా దేశాలు 1964లో కైరోలో వలసపాలన నాటి సరిహద్దులు కదపకూడదని పెట్టుకున్న నియమమే అడ్డం.

నేను ముందు చెప్పిన బిగుసుకుపోవడం ఇదే. యూరోపియన్ యూనియన్‌లో స్పెయిన్, సైప్రస్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా కొసోవోను గుర్తించలేదు. భారత్ కూడా గుర్తించలేదు. అప్పట్లో అమెరికాకు ఎంతో దగ్గరగా ఉన్న జార్జియా, ఉక్రెయిన్ కూడా గుర్తించలేదు. బెబియా మనవరాలు ఒకసారి నాతో అంది, "కొసోవో వాళ్ల మీద మాకేం కోపం లేదు. కానీ వాళ్లకు అవునంటే, రేపు సుఖుమి గురించి ఏ నోటితో మాట్లాడతాం?" 2017లో నేను ఐదో సంవత్సరంలో ఉన్నప్పుడు ఒక్క నెల తేడాలో రెండు సంఘటనలు చూశాం. సెప్టెంబర్ 25న ఇరాక్ కుర్దిస్తాన్ రెఫరెండంలో 92 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. మూడు వారాల్లో వాళ్లు కిర్కుక్ నగరాన్ని పోగొట్టుకున్నారు. అక్టోబర్ 27న స్పెయిన్‌లోని కాటలోనియా పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించింది. ఒక్క దేశం కూడా గుర్తించలేదు. కొసోవో గుర్తింపు తొమ్మిదేళ్ల ముందే వచ్చి ఉంది, వీళ్లిద్దరికీ ఏ మాత్రం అక్కరకు రాలేదు. వెనక సైన్యంతో నిలబడే దేశమూ లేదు, మాతృదేశం ఒప్పుకోలూ లేదు. ఆర్మేనియా అండతో అజర్‌బైజాన్ నుంచి విడిపోయిన నాగర్నో కరాబఖ్‌ది ఇంకా ఘోరం. ఆర్మేనియానే దాన్ని అధికారికంగా ఎన్నడూ గుర్తించలేదు. 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ దాడి చేశాక లక్షమందికి పైగా కొద్ది రోజుల్లోనే ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఇక గుర్తింపు దొరికినవాళ్లకు ఏం వచ్చిందన్నది. అబ్ఖాజియా నుంచి వచ్చే రోగులకు జార్జియా ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయిస్తుంది. వాళ్లు ఎంగురి నది వంతెన దాటి వస్తారు. మా క్లినికల్ పోస్టింగ్‌లో అలా గుండె వాల్వ్ సమస్యతో ఒకావిడ చేరింది, అబ్ఖాజ్ మనిషి, యాభై దాటి ఉంటాయి. అన్న 1992 యుద్ధంలో చనిపోయాడట. మా సీనియర్ డాక్టర్ రష్యన్‌లో మాట్లాడుతూ నాకు చెబుతుండేవారు. రష్యా గుర్తించిన రోజు ఎలా ఉందని అడిగాను. "వీధిలో డాన్సులు చేశాం. మళ్లీ ట్యాంకులు రావన్న ధైర్యం వచ్చింది, ఆ రాత్రి నిద్రపట్టింది" అంది. కాసేపాగి, కొడుకు బయట చదువుకోవాలంటే రష్యా పాస్‌పోర్టే తీసుకోవాల్సి వచ్చిందని, నికరాగ్వా తమను గుర్తించిందని విన్నామే తప్ప ఆ దేశం మనిషిని ఎప్పుడూ చూడలేదని చెప్పింది. బెబియాకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆవిడ ఆపరేషన్ బాగా జరిగిందా అని మాత్రం అడిగింది.

డిశ్చార్జి రోజు నేను పక్కనే ఉన్నాను. ఫారంలో ఊరి పేరు దగ్గర మా డాక్టర్ ఆగి అడిగారు. ఆవిడ తమ పద్ధతిలో "సుఖుమ్" అంది. ఆయన జార్జియన్ పద్ధతిలో "సొఖుమి" అని రాశారు. ఆవిడ ఆ కాగితం చూసింది, సంతకం పెట్టింది, మందుల సంచీ తీసుకుని వంతెన వైపు వెళ్లే వ్యాన్ ఎక్కింది.