‘ది హాబిట్’ రెండో అధ్యాయం దాటడం లేదన్నారు కదా

పిల్లల పుస్తకం కదా, ఈ వయసులో నప్పడం లేదేమో అన్నది మీ అనుమానం. వయసు కాదు, చదివే వేగం అసలు కారణం. ఆంగ్ల రచయిత టోల్కీన్ తన పిల్లలకు చెప్పిన కథ ఇది, 1937లో పుస్తకంగా వచ్చింది. మధ్యలో దూరి మాట్లాడుతూ మిమ్మల్ని విసిగిస్తున్న ఆ కథకుడిది చెవికోసం రాసిన గొంతు. కళ్లతో గబగబా లాగిస్తే అడ్డుగానే తగులుతుంది.

1. మొదటి అధ్యాయానికి వెనక్కి వెళ్లి నాలుగైదు పేజీలు పైకి చదవండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. కథానాయకుడు బిల్బో ఇంటి గుమ్మంలోకి మరుగుజ్జులు ముందు ఒకరు, మళ్లీ ఒకరు, తర్వాత ఇద్దరు, ఆపైన ఐదుగురు, చివరికి నలుగురు వస్తారు. గంట మోగిన ప్రతిసారీ బిల్బో కంగారు ఒక మెట్టు పెరుగుతుంది. మనసులో చదివితే అది ఉత్త పేర్ల జాబితా. పైకి చదివితే నవ్వాగదు.

2. ఆ 13 మంది మరుగుజ్జుల పేర్లూ బట్టీ పట్టకండి. థోరిన్, బాలిన్, బాంబుర్ చాలు.

3. పాటలు దాటెయ్యొద్దు. పోయిన బంగారం, డ్రాగన్, పగ అన్నీ మొదటి అధ్యాయం పాటలోనే ఉన్నాయి.

4. ఐదో అధ్యాయంలో ప్రతి పొడుపు కథ దగ్గరా ఆగి, జవాబు చూడకుండా మీరే విప్పండి. పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఇది.

పూటకు ఒక్క అధ్యాయమే. మొత్తం 19.