శాన్ పాబ్లో మిషన్‌కు వెళ్తున్న సుధీర్‌కు: వారాన్ని ఎలా కట్టుకోవాలి

ప్రియమైన సుధీర్‌కు,

ప్రభువు పేరిట ఆశీస్సులు. మనీలాలో మన లేటర్-డే సెయింట్స్ (మోర్మన్) సంఘపు మిషనరీ శిక్షణ కేంద్రంలో పని ముగించుకుని, ఫిలిప్పీన్స్‌లోనే ఉన్న లగునా ప్రావిన్స్ వైపు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొద్దున 6:30కి లేవడం, రాత్రి 10:30కి పడుకోవడం, చదువుకునే వేళలు ఇవన్నీ నీకు నేర్పే ఉంటారు. రోజు గడియారం మీద నడిచిపోతుంది. వారం అలా నడవదు, నువ్వూ నీ కంపానియనూ (నీతో జంటగా తిరిగే మిషనరీ) కూర్చుని కట్టుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

గురువారమో శుక్రవారమో ఒక రెండు గంటలు ప్లానింగ్‌కు పక్కన పెట్టండి. ముందు గంటలు రాయొద్దు, మనుషుల పేర్లు రాయండి. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు ఉండాలి: పోయినసారి ఏం చేస్తానన్నారు, చేశారా, వార్డు (అక్కడి మన సంఘం) సభ్యుల్లో వాళ్ళకు తెలిసినవాళ్ళెవరు. మూడోది ఖాళీగా ఉంటే ఆ వారం ముందు నింపాల్సింది అదే. సంఘంలో ఒక్క స్నేహితుడైనా లేకుండా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, మీరు బదిలీ అయ్యాక మెల్లగా రావడం మానేస్తారు.

ఆ తర్వాత ఆదివారం సంగతి చూడండి. సంస్కార సమావేశానికి ఎవరొస్తున్నారు, ఎలా వస్తారు, పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది శుక్రవారానికే తేలిపోవాలి. ట్రైసికిల్ (పక్కన బండి కట్టిన మోటార్‌సైకిల్) ఛార్జీ నీ జేబులోంచి ఇవ్వకు. ఈ వారం ఇస్తే వచ్చే వారం ఇవ్వనప్పుడు రారు, పైగా సిగ్గుపడి నీకు ముఖం చాటేస్తారు. అదే వీధిలో ఉన్న సభ్యుల కుటుంబంతో కలిసి వచ్చేలా మాట్లాడిపెట్టు.

గంటలు నింపేటప్పుడు ఒక బరంగాయ్‌లోని (మన పేట లాంటిది) ఇళ్ళన్నీ ఒక పూటకే పెట్టుకోండి. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగితే నెల డబ్బులు మూడు వారాలకే అయిపోతాయి. ప్రతి అపాయింట్‌మెంట్ వెనక, నడిచిపోయేంత దూరంలో ఇంకో పేరు సిద్ధంగా ఉండాలి. ఎందుకంటే అక్కడివాళ్ళు ముఖం మీద కాదనరు. 'సిగే పో' (సరేనండి) అన్నారంటే నీ మీద గౌరవంతో సరేనన్నారు, అంతే. వెంటనే "ఎన్నింటికి రమ్మంటారు? అప్పుడు ఇంట్లో ఎవరెవరుంటారు?" అని మెల్లగా అడుగు. జవాబులో ఒక టైమూ ఒక మనిషీ వస్తే అది నిజమైన అపాయింట్‌మెంట్. "మీ ఇష్టం, ఎప్పుడైనా రండి" అంటే దాన్ని నమ్ముకుని సాయంత్రం ఖాళీ పెట్టుకోకు. ఆ రోజు పొద్దునే ఒక మెసేజ్ పెట్టు.

నీ ముఖం చూసి కొందరు తలుపు తీయరు, దానికి నొచ్చుకోకు. ఫిలిప్పీన్స్‌లో ఇంటింటికీ తిరిగే భారతీయుడంటే చాలామందికి గుర్తొచ్చేది వడ్డీ వ్యాపారే. బైక్ మీద వచ్చి వసూలు చేసుకునే ఆ అప్పును వాళ్ళు 'ఫైవ్-సిక్స్' అంటారు, ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. మనవాళ్ళను 'బుంబాయ్' అని పిలుస్తారు, అల్లరి చేసే పిల్లల్ని ఆ పేరుతో భయపెడతారు కూడా. అందుకని మొదటి వారాల్లో గేటు దగ్గర ఫిలిపినో కంపానియన్‌నే ముందు పిలవనివ్వు. తలుపు బాదకూడదు, గేటు బయటే నిలబడి 'తావో పో' (మనిషొచ్చాడండీ) అని పిలవాలి. నీ పేరున్న బ్యాడ్జి కనిపించేలా అరడుగు పక్కకు నిలబడు. చేతిలో నోట్‌బుక్ పట్టుకోకు, అప్పుల చిట్టా అనుకుంటారు. నోరు తెరవగానే నీ టగలాగ్ భాషలో 'పో' (మన 'అండి' లాంటిది) వినబడిందంటే సగం అనుమానం పోతుంది. ఇంట్లో మరో పెద్దమనిషి లేకుండా ఆడపిల్లలు మాత్రమే ఉంటే లోపలికి వెళ్ళొద్దు, ఇంకో పూట వస్తామని చెప్పి వచ్చేయండి.

పాఠం అరగంట దాటనివ్వకు. ప్రార్థన, ఒకే సిద్ధాంతం, ఒకే వచనం చాలు. వచనం వాళ్ళ చేతే చదివించు, చదవడం ఇబ్బందైతే నీ కంపానియన్ చదువుతాడు, ఎవరినీ ఇరుకున పెట్టొద్దు. "అర్థమైందా?" అని అడక్కు, అవుననే అంటారు. "ఇది మీ అమ్మాయికి ఎలా చెబుతారు?" అని అడుగు. ఆ జవాబులో ఏది తప్పిపోయిందో అదే తర్వాతి పాఠం. కొత్త ఎల్డర్లు (మగ మిషనరీలు) ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: నేర్చుకున్నదంతా ఒక్క సాయంత్రం కుమ్మరించేస్తారు. ఇంటివాళ్ళు మర్యాదగా వింటారు, మెరియెండా (చిరుతిండి) పెడతారు, మళ్ళీసారి ఇంట్లో ఉండరు. కొంచెమే చెప్పి రెండు రోజుల్లో మళ్ళీ వెళ్ళు. మోర్మన్ గ్రంథంలో ఇన్ని వచనాలు చదవండి అని అప్పగిస్తే, పేజీకి గుర్తు పెట్టి, ఏ రోజు ఎప్పుడు చదువుతారో వాళ్ళ నోటే చెప్పించి రావాలి. చదవకపోతే మందలించకుండా అక్కడే కూర్చుని కలిసి చదవండి.

సేవకు వారంలో ఒక పూట ముందే కేటాయించుకోండి. ఏం చేయాలో నువ్వు నిర్ణయించకు, బరంగాయ్ హాల్లోనో వార్డులో మగవాళ్ళ బృందాన్ని నడిపే ఎల్డర్స్ కోరం ప్రెసిడెంట్‌నో అడుగు. ఒకరు కూలికి చేసే పనిని ఊరికే చేసి వాళ్ళ పొట్ట కొట్టొద్దు. పని చేస్తూ బోధించొద్దు. అడిగితే చెప్పు.

లగునా సరస్సు ఒడ్డు ఊళ్ళలో వర్షాలకు నీళ్ళు చాలా రోజులు నిలుస్తాయి. ఆ నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. బురద ఎత్తే పనికి మోకాలి దాకా రబ్బరు బూట్లు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. కాలికి పుండుంటే ఆ రోజు నీళ్ళలో దిగకు, ఒడ్డున బక్కెట్లు అందుకో. దిగాక జ్వరం, పిక్కల నొప్పి వస్తే దాచకుండా ఆ రోజే మిషన్ ప్రెసిడెంట్ ఇంటికి ఫోన్ చెయ్యి. డెంగీ దోమ పగలే కుడుతుంది. కారణం తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వేసుకో, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. తుఫాను హెచ్చరికలు 1 నుంచి 5 దాకా సిగ్నళ్ళుగా ఇస్తారు, మిషన్ నుంచి ఆగమన్న మాట వస్తే ఆగిపోవాల్సిందే. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్ళు గదిలో ఎప్పుడూ ఉండాలి.

తిండికి బెంగపడకు. వాళ్ళ సినిగాంగ్ అనే పులుసులో చింతపండు పులుపు మన చారులాగే నాలుకకు తగులుతుంది. కారం మాత్రం తక్కువ, బజారులో 'సిలింగ్ లబుయో' అని అడిగితే చిన్న మిరపకాయలు ఇస్తారు.

ప్లానింగ్ చివర పావుగంట మీ ఇద్దరి కోసం ఉంచుకోండి. "ఈ వారం నా వల్ల నీకు ఏది కష్టమైంది?" అని ముందు నువ్వే అడిగి, చెప్పింది అడ్డుపడకుండా విను. గిన్నెలు కడగకపోవడం, ఆలస్యంగా తయారవడం లాంటివే వస్తాయి. వాటిని శుక్రవారం మాట్లాడుకోకపోతే మంగళవారం ఎవరింట్లోనో పాఠం మధ్యలో బయటపడతాయి.

సోమవారం పి-డే (సొంత పనులు చూసుకునే రోజు) సాయంత్రం 6 గంటలకు అయిపోతుంది. పొద్దున లేవగానే బట్టలు నానబెట్టు, కాలర్లు, చంకల దగ్గర సబ్బు బిళ్ళతో రుద్దు. వానాకాలం ఆరడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి రెండు తెల్లచొక్కాలు ఎప్పుడూ ఉతికి విడిగా దాచు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. నువ్వు 10 గంటలకు ఫోన్ చేస్తే ఇక్కడ 7:30, నాన్న డ్యూటీకి బయల్దేరకముందే దొరుకుతాడు. ఆ టైమే ఖాయం చేసుకుని అమ్మకు ముందే చెప్పు, లేకపోతే సోమవారమంతా ఫోన్ చేత్తో పట్టుకునే తిరుగుతుంది.

ప్రేమతో,
మీ బాబాయి