పక్క పొలం ఎవరిది?

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. మా అమ్మాయి అమెరికాలో టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో ఉంటుంది. అల్లుడు అక్కడివాడే, ఇంటిపేరు 'మెక్'తో మొదలవుతుంది. తొమ్మిదేళ్ల మనవరాలు బడి కోసం వంశవృక్షం గీస్తోంది. మా వైపు ఏడు తరాలు మా మామగారు నోటుపుస్తకంలో రాసిపెట్టారు. అల్లుడి వైపు పాత ఇంటి బైబిల్లో ఒక్క పంక్తి దొరికింది: 'జాన్, పుట్టింది 1761, అగస్టా కౌంటీ, వర్జీనియా.' అంతకు ముందు సంగతి అడిగితే 'మేం స్కాట్స్-ఐరిష్, ఓడలో వచ్చాం' అంటారు, అంతే. మూడు నెలలుగా రాత్రిళ్లు ఓడ ప్రయాణికుల జాబితాలు వెతుకుతున్నాను, ఏమీ దొరకలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం మాత్రం ఈ జాన్‌ని స్కాట్లాండ్‌లో ఒక పెద్ద జమీందారు కుటుంబానికి కలిపేసింది. పిల్ల అదే రాసేస్తానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. రాయనివ్వమంటారా?

జవాబు: చెల్లెమ్మా, రాయనివ్వకండి. ఆ గడి ఖాళీగా ఉంచమనండి.

మీ మూడు నెలల నిద్ర పోయినందుకు నాకు బాధగా ఉంది, ఎందుకంటే మీరు వెతుకుతున్న జాబితా అసలు లేదు. పెన్సిల్వేనియాలో 1727 నుంచి ఓడ దిగినవాళ్ల పేర్లు రాసిన మాట నిజమే. కానీ అవి జర్మన్లలాంటి పరదేశీయుల పేర్లు. బ్రిటిష్ రాజుకు విధేయులమని వాళ్లు ప్రమాణం చేయాల్సి వచ్చింది, అందుకని రాశారు. మీ స్కాట్స్-ఐరిష్ వాళ్లు వచ్చింది ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్ నుంచి, వాళ్లు అప్పటికే బ్రిటిష్ రాజుగారి ప్రజలు. శ్రీకాకుళం నుంచి విశాఖకు బస్సులో వచ్చినవాడి పేరు మన కాంప్లెక్సులో ఎవరైనా రాసుకుంటారా? వాళ్ల సంగతీ అంతే.

అసలు వాళ్లు ఎవరో మనవరాలికి ముందు చెప్పండి. 1609, 1610 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్‌లో స్థానికుల భూములు లాక్కుని, స్కాట్లాండ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి రైతుల్ని తెచ్చి అక్కడ నిలబెట్టాడు. స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ప్రెస్బిటేరియన్ క్రైస్తవులు, అంటే ప్రభుత్వ చర్చిలో కలవని శాఖవాళ్లు. మూడు నాలుగు తరాలు అక్కడే కౌలుకి దున్నారు, నార బట్ట నేశారు. 1704లో వచ్చిన ఒక చట్టం వాళ్లను ప్రభుత్వ పదవులకు దూరం చేసింది. కౌలు గడువులు తీరేసరికి భూస్వాములు కౌలు పెంచేశారు. పైగా పంటలు పోయాయి. 1718 నుంచి గుంపులు గుంపులుగా కదిలారు. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యేలోపు అమెరికా చేరినవాళ్లు లక్షకు తక్కువ ఉండరు. ఆనాటి కాగితాల్లో వాళ్లను ఊరికే 'ఐరిష్' అనే రాశారు. 'స్కాట్స్-ఐరిష్' అన్న మాట జనంలో బాగా పాకింది 19వ శతాబ్దంలో. కాబట్టి పాత దస్తావేజులో 'ఐర్లండ్ నుంచి' అని కనిపిస్తే 'మనవాళ్లు కాదు' అని పక్కన పెట్టేయకండి.

వాళ్ల ఓడల సంగతి నాకు చాలా ఇష్టం. సన్న నార కావాలంటే అవిసె మొక్కను గింజ ముదరకముందే పీకాలి. అప్పుడు విత్తనం మిగలదు. అందుకని అల్స్టర్ రైతులు అమెరికా నుంచి ఏటా అవిసె గింజలు తెప్పించుకునేవారు. గింజలు దింపిన ఓడ ఖాళీగా తిరిగి వెళ్లడం ఎందుకని మనుషుల్ని ఎక్కించుకునేది. అందుకే వాళ్లలో ఎక్కువమంది ఆ గింజల వ్యాపారం సాగిన ఫిలడెల్ఫియాలో, లేకపోతే అదే డెలావేర్ నది మీద ఉన్న న్యూకాజిల్‌లో దిగారు. అక్కడి నుంచి లాంకస్టర్, యార్క్ మీదుగా, పొటోమాక్ నది దాటి, వర్జీనియాలోని షెనాండోవా లోయలోకి, ఇంకా కిందికి కరోలినాలదాకా బళ్ల బాట ఉండేది. గ్రేట్ వాగన్ రోడ్ అంటారు. మీ జాన్ పుట్టిన అగస్టా కౌంటీ ఆ బాట మీదే ఉంది. వాళ్ల కుటుంబం ఓడ పేరు మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు, కానీ వాళ్లు నడిచిన దారి ఇప్పుడే తెలిసిపోయింది.

ఇక నా సంగతి. నేను 31 ఏళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేశాను. మా కోడలు వర్జీనియాలో రాక్‌బ్రిడ్జ్ కౌంటీ అమ్మాయి, వాళ్లూ స్కాట్స్-ఐరిష్ వాళ్లే. 2016లో కొడుకు దగ్గర ఉన్న ఆరు నెలల్లో అగస్టా కౌంటీ కోర్టు ఉన్న స్టాంటన్‌కి వెళ్లి, 1745 నుంచి ఉన్న దస్తావేజుల పుస్తకాలు చూశాను. చదువుతుంటే మన ఆఫీసులో కూర్చున్నట్టే అనిపించింది. అక్కడా హద్దులే. 'ఫలానా వాగు పక్క తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఫలానావాడి మూల దాకా' అని రాశారు. కొలత పోల్స్‌లో ఉంది, ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోల్స్ కలిస్తే ఒక గొలుసు, 66 అడుగులు, అందులో 100 లింకులు. మన పాత ఎఫ్.ఎం.బి.లో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, సర్వేయర్లు రాసిన లింకులు ఇవే!

అయినా నేను పెద్ద తప్పు చేశాను. ఒకే వాగు మీద ఒకే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లు ఉన్నారు. వీలునామా దొరికినాయన్ని పట్టుకుని ఆయనే కోడలి పూర్వీకుడని తేల్చేశాను. ఫ్రేము కట్టించి మనవడి మొదటి పుట్టినరోజుకి వియ్యపురాలి చేతిలో పెట్టాను. ఏడాది తర్వాత ఒక అమ్మకం దస్తావేజు కనిపించింది. అక్కడ భర్త భూమి అమ్మితే, భార్యను విడిగా పిలిచి 'నీ హక్కు ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా' అని అడిగి రాసేవారు. అందులో భార్య పేరు ఆగ్నెస్. వీలునామాలో భార్య మార్గరెట్. వాళ్లిద్దరూ వేరు వేరు జాన్‌లు. ఆ ఫ్రేము గోడ మీద నుంచి దింపమని ఫోన్ చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తప్పుగా కలిపిన వంశవృక్షం వేరేవాళ్ల తాతని మన తాతగా చేస్తుంది, మన తాతని అనాథని చేస్తుంది. అందుకే మీ ఉత్తరం చదవగానే అంత గట్టిగా వద్దన్నాను.

ఇద్దర్నీ విడదీసింది పక్క పొలాలవాళ్లే. మా కోడలి పూర్వీకుడైన ఆగ్నెస్ భర్త భూమికి హద్దుగా వచ్చిన ఇంటిపేర్లు ఒక నాలుగు, మార్గరెట్ భర్తకి వచ్చినవి వేరే. ఈ జనం ఒంటరిగా కదల్లేదు. అన్నదమ్ములు, బావమరుదులు, ఒకే చర్చివాళ్లు కలిసి వచ్చి పక్కపక్కన దిగారు. వీలునామాలో సాక్షులు ఎవరు, ఆస్తి విలువ కట్టినవాళ్లు ఎవరు, సర్వేలో గొలుసు పట్టినవాళ్లు ఎవరు, అన్నీ రాసుకోండి. గొలుసు పట్టేది చాలాసార్లు కొడుకో, అల్లుడో. నేను ఆ నాలుగు ఇంటిపేర్లు పట్టుకుని బళ్ల బాట మీద ఉత్తరానికి నడిచాను. పెన్సిల్వేనియాలో లాంకస్టర్ కౌంటీ డొనెగాల్ టౌన్‌షిప్ పాత పన్ను జాబితాలో మూడు పేర్లు దగ్గర దగ్గరగా కనిపించాయి. వాటి మధ్యలో మా కోడలి ఇంటిపేరు ఉంది. ఆ రోజు అర్ధరాత్రి కొడుకుని లేపి చూపించాను.

మీరు మాత్రం జాన్ ముసలితనం నుంచి మొదలుపెట్టండి. 1761లో పుట్టినవాడు స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసి ఉండవచ్చు. 1832లో అమెరికా ప్రభుత్వం ఆ ముసలి సైనికులకు పింఛను ఇస్తూ చట్టం చేసింది. దరఖాస్తు చేసినవాళ్లు కోర్టులో ప్రమాణం చేసి, ఎక్కడ పుట్టారో, ఏ దళంలో చేశారో, తర్వాత ఏయే ఊళ్లలో ఉన్నారో వరసగా చెప్పారు. అప్పటికి మీ జాన్ బతికుంటే 71 ఏళ్లు. ఆ కాగితాల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, టెనెసీ దరఖాస్తుల్లో చూడండి. జనాభా లెక్కల మీద ఎక్కువ ఆశ వద్దు. మొదటిది 1790లో జరిగింది, అందులో ఇంటి యజమాని పేరు తప్ప మిగతావి అంకెలే. వర్జీనియా పుస్తకాలైతే పోయాయి కూడా.

కౌంటీల విషయంలో జాగ్రత్త. మన శ్రీకాకుళంలో 1945 నాటి కాగితం మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, ఎందుకంటే శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో విడిపోయాయి. ఊరు కదల్లేదు, జిల్లా పేరు మారింది. అగస్టా కూడా అంతే. 1738లో ఆరెంజ్ కౌంటీ నుంచి విడదీశారు, కోర్టు నడిచింది 1745 నుంచి. అందువల్ల అంతకుముందు కొన్న భూమి దస్తావేజు ఆరెంజ్‌లో ఉంటుంది. 1770లో బొటటౌర్ట్ విడిపోయింది, 1778లో రాక్‌బ్రిడ్జ్ వచ్చింది. మా కోడలి వాళ్లు ఒకే ఇంట్లో కూర్చుని కౌంటీ మారారు. లాంకస్టర్ కూడా 1729లో పుట్టింది, అంతకుముందైతే చెస్టర్ కౌంటీలో చూడాలి.

అమ్మకం దస్తావేజు దొరికి, కొన్న దస్తావేజు దొరక్కపోతే కంగారు పడకండి. మన దగ్గర లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందు కొన్న కాగితం, లేకపోతే అనుమానపడతాం. అక్కడ మాత్రం ఆ లోటే ఒక ఆధారం. వర్జీనియాలో 1785లో చట్టం మార్చేదాకా, వీలునామా లేకుండా తండ్రి పోతే భూమంతా పెద్దకొడుక్కి వెళ్లేది, దస్తావేజు అక్కర్లేదు. కొన్న కాగితం లేకుండా అమ్ముతున్నవాడు పెద్దకొడుకేమో చూడండి. ఇంకొకటి, ఒకే భూమికి ఈ రోజు అయిదు షిల్లింగులకు లీజు, మరునాడు అసలు ధరకి ఇంకో కాగితం కనిపిస్తే రెండూ కలిపి ఒకే అమ్మకం. ఆ కాలంలో అలా రాసేవారు.

తేదీల్లో మనకి అలవాటైన విషయం ఒకటి ఉంది. 1752కి ముందు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఇంచుమించు మన ఉగాదిలా. జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరంలోకే వస్తాయి. అందుకే '1739/40 ఫిబ్రవరి' అని రాసి ఉంటుంది. పేర్లు కూడా మనలాగే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. మీ జాన్ పెద్దకొడుకు పేరు ఏమిటో కనుక్కోండి, జాన్ తండ్రి పేరు అదే కావచ్చు. కానీ ఇది ఊహకు పనికొస్తుంది, రుజువు కాదు.

అగస్టాలో మొదట స్థిరపడిన ప్రెస్బిటేరియన్ పాదిరి జాన్ క్రెయిగ్ 1740 నుంచి 1749 దాకా ఇచ్చిన బాప్తిస్మాలు రాసిపెట్టారు. మీ జాన్ అందులో ఉండడు, అక్కలు, అన్నలు ఉండవచ్చు. సముద్రం దాటి అల్స్టర్ వెళ్లడానికి తొందరపడకండి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో రికార్డుల భవనం కాలిపోయి ఎన్నో పుస్తకాలు బూడిదయ్యాయి. ఏ ఊరో తెలిసి వెళితేనే మిగిలినవి ఉపయోగపడతాయి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఖాతా ఉచితం, అగస్టా పుస్తకాలు అక్కడే మొదలుపెట్టండి. దొరికిన హద్దుల పేర్లు నాకు రాయండి. ఆ వాగుల చుట్టుపక్కల ఇంటిపేర్లు నా నోటుపుస్తకంలో ఉన్నాయి, కలిపి చూద్దాం.

ప్రశ్న: మా అన్నయ్య ఉత్తర కరోలినాలో పెళ్లి చేసుకున్నాడు. వదిన వాళ్ల నాన్నగారు, 78 ఏళ్లు, డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే 'స్కాట్లాండ్ 60 శాతం' అని వచ్చింది. ఇక వంశం కోసం ఈ పాత కాగితాలన్నీ వెతకడం ఎందుకండీ? (గాజువాక నుంచి ఒక యువకుడు)

జవాబు: బాబూ, ఆ శాతం ఈనాటి ఏ జనంతో ఆయన పోలిక ఎక్కువో చెబుతుంది. అల్స్టర్ మీదుగా వచ్చారా, నేరుగా స్కాట్లాండ్ నుంచా అన్నది దాన్నిబట్టి తేలదు, ఎందుకంటే ఇద్దరిదీ మూలం ఒకటే. ఒక్కో తరానికి పూర్వీకుల డీఎన్‌ఏ సగమవుతుంది, ఎనిమిది తరాల వెనక ఒకాయన నుంచి ఏమీ రాకపోవచ్చు కూడా. తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వచ్చే వై-క్రోమోజోమ్ పరీక్ష మాత్రం వేరు. అదే ఇంటిపేరుతో, కాగితాలతో రుజువైన వంశంలోని మగవాళ్లతో పోల్చితే, నేను పైన చెప్పిన ఇద్దరు జాన్‌ల లాంటి చిక్కు విడిపోవచ్చు. అప్పుడూ కాగితాలు ఉండాలి. చేయించేముందు ఆయనకి ఒక మాట చెప్పండి: ఇంట్లో ఎవరికీ తెలియని రక్తసంబంధం బయటపడవచ్చు. ఆయన సరేనంటేనే చేయించండి. వయసు పెద్దది కదా, అన్నయ్య ఈసారి వెళ్లినప్పుడే వాళ్ల తాతల పేర్లు, పొలం ఉన్న వాగు పేరు అడిగి ఫోన్లో రికార్డు చేసుకోమనండి.