సూర్యుడి వెంట తిరిగే స్టాండా, ఇంకో రెండు ప్యానెళ్లా?

ప్రశ్న: మాకు నాలుగెకరాల నిమ్మతోట. అయిదు హెచ్‌పీ సోలార్ పంపు పెట్టించాం, 540 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది, కదలని స్టాండు మీద. పొద్దున తొమ్మిది దాటితేగానీ నీళ్లు ఎక్కవు, సాయంత్రం నాలుక్కే ధార సన్నబడిపోతుంది. సూర్యుడితో పాటు తిరిగే ట్రాకర్ పెట్టిస్తే ముప్పై శాతం ఎక్కువ వస్తుందని ఒకాయన చెప్పి వెళ్లాడు. పెట్టించమంటారా సార్?
— ఒక రైతు, పొదలకూరు

జవాబు: మోటారు ట్రాకరైతే వద్దండి. ఆయన చెప్పింది అబద్ధమని కాదు. అటూ ఇటూ రెండు ఇరుసుల మీద తిరిగే ట్రాకర్‌కి, ఆకాశం నిర్మలంగా ఉన్న చోట, ముప్పై శాతం మాట చెల్లుతుంది. కానీ సూర్యుడు రోజూ తూర్పు నుంచి పడమరకి దాదాపు అర్ధచక్రం తిరుగుతాడు, ఉత్తర దక్షిణాలకి మాత్రం ఏడాది మొత్తం మీద జరిగేది 47 డిగ్రీలే. అందుకని తూర్పు పడమరలకి తిరిగే ఒక్క ఇరుసు చాలు, లాభంలో పెద్ద వాటా దానితోనే వస్తుంది, అది 15 నుంచి 20 శాతం అనుకోండి. రెండో ఇరుసు తెచ్చేది కొంచెం, పెట్టే తలనొప్పి బోలెడు.

ఇప్పుడు లెక్క చూడండి. మీ తొమ్మిది ప్యానెళ్లకి ఇంకో రెండు చేరిస్తే ఎంత పెరుగుతుంది? 22 శాతం. మోటారు లేదు, గేరు లేదు, గ్రీజు పూసే పని లేదు. రెండు ప్యానెళ్ల ధర, ట్రాకర్ ధర పక్కపక్కన రాసుకుని చూస్తే మీకే తెలిసిపోతుంది. కాకపోతే ఒక జాగ్రత్త. ప్యానెళ్లు వరుసగా కలుపుతారు కాబట్టి రెండు చేరిస్తే ఇప్పుడున్న వోల్టేజి మీద ఇంకో వంద వోల్టుల దాకా పెరుగుతుంది, మీ కంట్రోలర్ పెట్టె మీద రాసిన గరిష్ఠ వోల్టేజి దాన్ని తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. కొత్తవి కూడా అదే రకం, అదే వాటేజి అయి ఉండాలి, లేకపోతే బలహీనమైనదే మిగతా అన్నింటినీ వెనక్కి లాగుతుంది. పంపు సబ్సిడీలో వచ్చిందైతే చేతులు పెట్టేముందు గ్యారంటీ పోదని కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

మా బావమరిదికి కావలి దగ్గర ఇలాంటి ట్రాకరే ఉండేది. మూడో ఏడు వానల్లో దాన్ని జరిపే మోటారులోకి నీళ్లు దిగి పట్టేసింది, అదీ సరిగ్గా ప్యానెళ్లు తూర్పుకి వాలి ఉన్నప్పుడు. బిగించినవాళ్లు ఫోనెత్తలేదు. కదలని స్టాండైతే ఏ పూటైనా ఎంతో కొంత ఇస్తుంది కదా, ఇది మాత్రం మధ్యాహ్నం మూడయ్యేసరికి సూర్యుడికి వీపు పెట్టి కూర్చునేది. రెండు నెలలు చూసి చూసి, చివరికి వెల్డింగ్ షాపతన్ని పిలిచి, దక్షిణానికి పదిహేను డిగ్రీలు వాల్చి అతికించేశాడు. మన అక్షాంశం ఇంచుమించు అంతే కాబట్టి ఆ వాలు సరిపోయింది.

మరి పెద్ద ప్లాంట్లలో ఎందుకు పెడతారంటే, అక్కడ ఒక్క మోటారు పదుల ప్యానెళ్ల వరుస మొత్తాన్ని తిప్పుతుంది, చూసుకోవడానికి రోజంతా మనుషులుంటారు, గాలి పెరిగితే ప్యానెళ్లు వాటంతటవే భద్రమైన వాలుకి వచ్చేస్తాయి. మీ తోటలో ఆ మనిషి మీరే.

అసలు మీ బాధ మొత్తం కరెంటు గురించి కాదు, పొద్దుటి గంటల గురించి. బోరు లోతు నుంచి నీళ్లు పైకి రావాలంటే పంపుకి కనీసం ఇంత పవరని ఒక గీత ఉంటుంది, అది దాటేదాకా మోటారు తిరుగుతున్నా చుక్క రాదు. ప్యానెళ్లు పొద్దున్నే తూర్పు ముఖంగా ఉంటే ఆ గీత ముందే దాటుతుంది. దానికి మోటారెందుకు, చెయ్యి చాలు. నిలువు స్తంభాల మీద ఉత్తర దక్షిణాలుగా ఒక పైపు, దాని మీద ప్యానెళ్లు, పక్కన రంధ్రాలున్న ఇనుప పట్టీ, ఒక పిన్ను. పొద్దున తోటకి వెళ్లగానే తూర్పుకి, పదిన్నరకి మట్టంగా, రెండింటికి పడమరకి. ఒక్కో ప్యానెల్ 28 కిలోల దాకా ఉంటుంది, అందుకని తొమ్మిదీ ఒకే స్టాండు మీద వద్దు, మూడేసి చొప్పున మూడు చేయించండి, బరువు ఇరుసుకి రెండు వైపులా సమంగా ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మట్టంగా పెట్టి పిన్నుతో పాటు గొలుసు కూడా వేసేయండి. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పటి గాలి నేను మీకు గుర్తు చేయక్కర్లేదు.

ప్రశ్న: మా డాబా సముద్రానికి కిలోమీటరు. నాలుగేళ్లకే సోలార్ స్టాండు తుప్పు పట్టింది. ప్యానెళ్లు బాగానే ఉన్నాయి. ఏం చేయాలి?
— ఒక గృహిణి, కొత్తపట్నం

జవాబు: ప్యానెల్ పాతికేళ్లకి చేస్తారు, దాన్ని మోసే ఇనుము దగ్గర పిసినారితనం చేస్తారమ్మా, గొడవంతా అక్కడే. ఒక్కసారి డాబా ఎక్కి బోల్టుల కింద చూడండి. ఎర్రటి చారలు మొదలయ్యేది బోల్టు తల కిందా, స్టాండు బిగించేటప్పుడు అక్కడికక్కడే డ్రిల్లు కొట్టిన రంధ్రాల చుట్టూనే. జింకు పూత పోయిన చోట ఉప్పుగాలి పట్టేస్తుంది. ఇనుము పలచబడిన ముక్కలు మార్పించండి, మిగతా చోట బ్రష్షుతో గీకించి జింకు పెయింటు వేయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే, అందులోనూ 316 రకం అడగండి, 304 కంటే ఉప్పుని బాగా తట్టుకుంటుంది. అల్యూమినియం ఫ్రేము ఇనుముకి నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు వాషరు పెట్టించడం మర్చిపోవద్దు. కడగడానికి మీ ఉప్పు బోరు నీళ్లు వాడితే అద్దం మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. మంచినీళ్లతో, అదీ ఎండెక్కకముందే కడగండి, కాలిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు.

ప్రశ్న: సోలార్ పర్యావరణానికి మంచిదంటారు, మరి పాతబడిన ప్యానెళ్లు ఎక్కడికి పోతాయి?
— బీటెక్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మంచి ప్రశ్న అబ్బాయ్. ప్యానెల్ బరువులో మూడొంతులు అద్దమే, ఆపైన అల్యూమినియం, ప్లాస్టిక్, కొంచెం సిలికాన్, అతి కొంచెం వెండి, టాంకాల్లో కాస్త సీసం. వీటన్నింటినీ పాతికేళ్లు ఎండావానా తట్టుకునేలా ఒకదానికొకటి అతికిస్తారు, అందుకే విడదీయడం అంత కష్టం. పాత సామాన్లవాడు ఫ్రేము ఊడదీసుకుని మిగతాది పారేస్తాడు. ఇ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, సోలార్ ప్యానెళ్లు కూడా వాటి కిందికే వస్తాయి. ఇంకో సంగతి, పాతికేళ్లయిన ప్యానెల్ చచ్చిపోయినట్టు కాదు, మామూలుగా కంపెనీలు ఇచ్చే గ్యారంటీయే అప్పటికి 80 శాతం పవర్ ఉంటుందని. పశువుల కొట్టంలో లైట్లకీ, చిన్న పంపుకీ నిక్షేపంగా పనికొస్తుంది.

మీ కాలేజీలో ప్రాజెక్టుకని పగిలినవి తెచ్చి విప్పాలనుకుంటే మాత్రం ముందు మందపాటి గుడ్డ కప్పండి. అద్దం పగిలినా ఎండ తగిలితే అది కరెంటు ఇస్తూనే ఉంటుంది.