జవాబు: పెదవులు రెండూ కలిపి కుట్టేస్తే నాన్న ఎలా తింటారు?

క్యాన్సర్ వల్ల మీ నాన్నగారి కింది పెదవి సగం తీసేసి, పై పెదవి ముక్కతో పూడుస్తామన్నారని రాశారు. నోరు మొత్తం కుట్టేయరు, టెన్షన్ పడకండి. ఇలా ఒక పెదవి ముక్కతో రెండోదాన్ని పూడ్చడాన్ని అబ్బే ఫ్లాప్ అంటారు, వందేళ్లకు పైగా చేస్తున్న పద్ధతే.

పెదవిలో మూడో వంతు దాకా పోతే మామూలుగా అంచులు దగ్గరకు లాగి కుట్టేస్తారు. సగం పోతే అలా లాగితే నోరు బాగా ఇరుకైపోతుంది. అందుకే పై పెదవి ముక్కను కిందికి తిప్పి కుడతారు, ఒక పక్క మాత్రం పై పెదవికి అంటుకుని ఉండేలా సన్నటి కాడ ఉంచుతారు. అందులోని రక్తనాళమే ముక్కను బతికిస్తుంది. రెండు మూడు వారాలకు కాడ కోసేస్తారు.

అప్పటిదాకా పక్క సందులోంచి చిన్న చెంచాతో పల్చటి రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ పట్టండి. గట్టిగా ఆవలించినా కాడ లాగుతుంది, జాగ్రత్త. చుట్ట అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి, పొగకు రక్తప్రసరణ తగ్గి ముక్క చచ్చిపోవచ్చు.

కట్టుడు పళ్లుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. తర్వాత అవి పెట్టడం కష్టం కావచ్చు. కోసిన చోటు అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని ఎప్పుడు తేలుస్తారో కూడా అడగండి. స్పర్శ రావడానికి మాత్రం నెలలు పడుతుంది.